కారం తగలని చెంప మండింది

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని నేను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. మార్చి వచ్చిందంటే మాకు తిండికీ నిద్రకీ వేళ ఉండదు. తెల్లారేసరికి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి. కాయ చూడటానికి వ్యాపారులు వస్తారు. పాట, కాటా, తక్‌పట్టీ (అమ్మకం లెక్క రాసే చీటీ), రైతు చేతికి డబ్బు. ఇలా రాత్రి దాకా సాగుతుంది. గాలిలో ఎప్పుడూ ఘాటే. కొత్తవాళ్ళు గేటు దగ్గరే తుమ్మడం మొదలుపెడతారు. మాకు ఆ ఘాటు ఉన్నట్టే తెలియదు. ఎప్పుడైనా తేజ రకం బాగా ఎండిన సరుకు విప్పినప్పుడు మండితే రెండు కళ్ళూ, ముక్కూ, గొంతూ కలిసి మండుతాయి. కారానికి కుడి ఎడమ తేడా తెలియదు కదా.

2023 మార్చి 13, సోమవారం. పొద్దున పదకొండు దాటింది. కుర్చీలో కూర్చుని తక్‌పట్టీ రాస్తున్నాను. ఉన్నట్టుండి ఎడమ కన్ను, ఎడమ చెంప మండటం మొదలైంది. ఎవరో గుప్పెడు ఉప్పూకారం కలిపి ముఖానికి కొట్టినట్టు. పంపు దగ్గరికి వెళ్ళి కడుక్కున్నాను. తగ్గలేదు. ముఠా కూలీల్లో పెద్దాయన ఒకాయన "కొబ్బరి నూనె రాయండి గుమస్తా గారూ, లాగేస్తుంది" అన్నాడు. రాశాను. తగ్గలేదు. అప్పుడొక విషయం గమనించాను. వేలితో నుదుటి మీద నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా గీత గీస్తే, ఆ గీతకి ఎడమ పక్క అంతా మంట, కుడి పక్క ఏమీ లేదు. పెదవి కూడా సగమే మండుతోంది. పది నిమిషాల తర్వాత ఆ మంట వచ్చినట్టే పోయింది. కారం మంట అలా పోదు. నీళ్ళు పోసినకొద్దీ పాకి, గంటకి గానీ చల్లారదు. ఆ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా మళ్ళీ పెన్ను పట్టుకున్నాను.

దానికి మూడు నాలుగు రోజుల ముందు నుంచే మెడ వెనక ఎడమ వైపు, చెవి కింద దాకా ఒక నొప్పి ఉంది. దిండు తేడా అనుకుని బామ్ రాసుకుంటున్నాను. మంగళవారం సాయంత్రం లెడ్జర్ చూస్తుంటే ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కి కనిపించింది. అంకెలు పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి రెండుగా కనిపించాయి. కళ్ళు నులుముకుంటే సర్దుకుంది. కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను. అప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. బీపీ కొంచెం ఉంది, మాత్ర ఒక రోజు వేసుకుంటే రెండు రోజులు మరిచిపోయేవాణ్ణి.

బుధవారం ఐదింటికి లేచాను. బాగానే ఉన్నాను. చెంబెడు నీళ్ళు తాగాను, మామూలుగా దిగాయి. ఐదూ ఇరవై ప్రాంతంలో వాష్ బేసిన్ దగ్గర పళ్ళు తోముకుంటున్నాను. సోమవారం నాటి మంట మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా. చూస్తుండగానే ఇల్లు పడుకుంది. ఈ మాట ఇలాగే చెప్పాలి. ఎదురుగా ఉన్న గోడ కిందికి వచ్చి నేల అయింది, నేల పక్కకి వెళ్ళి గోడ అయింది, వాష్ బేసిన్ గోడకి కాకుండా పైకప్పుకి వేలాడుతున్నట్టు ఉంది. తిరగడం కాదు. అన్నీ కదలకుండా ఉన్నాయి, కానీ అడ్డంగా ఉన్నాయి. కొన్ని క్షణాలే. ఆ తర్వాత అసలు తిరగడం మొదలైంది. ఎడమ వైపు ఎవరో చెయ్యి పట్టి లాగినట్టు ఒరిగి, తలుపుకి కొట్టుకుని కింద పడ్డాను. వాంతులు. వాంతుల మధ్య ఎక్కిళ్ళు.

మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. అమ్మ వచ్చింది. ఇద్దరూ కలిసి మంచం మీదికి చేర్చారు. "యార్డులో వేడి చేసింది, పైత్యం" అంది అమ్మ. దిష్టి కూడా తీసింది. నేను "కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాను. నా గొంతు నాకే వేరే మనిషిది లాగా బొంగురుగా వినిపించింది. వీధి చివర ఆర్.ఎం.పీ. డాక్టరు గారు వచ్చి బీపీ చూస్తే 170, 100 ఉంది. వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చి, "కాలూ చెయ్యీ బాగానే ఆడుతున్నాయి, కంగారు లేదు, వర్టిగో" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. మా అందరి బుర్రలోనూ ఉన్నది అదే. పక్షవాతం అంటే మూతి వంకర పోవాలి, కాలూ చెయ్యీ పడిపోవాలి.

వాంతి చేసుకున్న ఒళ్ళు తుడవడానికి మా ఆవిడ వేడినీళ్ళలో తువ్వాలు ముంచి తెచ్చింది. ఎడమ చెయ్యి తుడిస్తే చుర్రుమంది. కుడి చెయ్యి, కుడి కాలు తుడుస్తుంటే, "ఈ పక్క చన్నీళ్ళతో తుడుస్తున్నావేంటి?" అని అడిగాను. ఆమె ఆగిపోయింది. ఒకటే గిన్నె, ఒకటే తువ్వాలు. మళ్ళీ ముంచి కుడి చేతి మీద పెట్టింది. గుడ్డ తగలడం తెలుస్తోంది, తడి తెలుస్తోంది, పిండితే బొట్టు కారడం తెలుస్తోంది. వేడి మాత్రం తెలియడం లేదు. చెయ్యి ఎర్రగా అయింది. మా ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళి వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసింది. ఈరోజు నేను కూర్చుని ఇది రాస్తున్నానంటే ఆ ఫోన్ వల్లే.

ఎనిమిదీ నలభైకి మా బావమరిది ఆటోలో ఒక ఆసుపత్రికి చేర్చాడు. అప్పటికి మొదలై మూడు గంటల ఇరవై నిమిషాలు. ఈ లెక్క నాకు తర్వాత అర్థమైంది, అందుకే ఇంత కచ్చితంగా గుర్తుంది. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరు "ఏమైంది?" అని అడిగారు. నేను "కళ్ళు తిరుగుతున్నాయి, వాంతులు" అన్నాను. అంతే చెప్పాను. నవ్వమన్నారు, నవ్వాను. రెండు చేతులూ ఎత్తమన్నారు, ఎత్తాను, కింద పడలేదు. పేరు చెప్పమన్నారు, గొంతు బొంగురుగా ఉన్నా మాట స్పష్టంగానే చెప్పాను. తలకి సీటీ తీశారు. నార్మల్. చెవి లోపల సమస్య అని, మాత్రలు రాసి, సెలైన్ పెట్టి, సాయంత్రం ఇంటికి వెళ్ళొచ్చు అన్నారు.

ఆ "కళ్ళు తిరుగుతున్నాయి" అనే మాట గురించి నేను చాలా ఆలోచించాను. తెలుగులో మనం నీరసానికీ అదే అంటాం, ఆకలికీ అదే అంటాం, షుగర్ పడిపోయినా అదే, చెవి వర్టిగోకీ అదే. నాకు జరిగింది ఆ మాటలో ఇమడదు. గోడ నేల అయింది. ముఖంలో సరిగ్గా సగం కారం పూసినట్టు మండింది. ఒళ్ళంతా ఒకటే నీళ్ళు పోస్తే ఒక పక్క వేడి, ఒక పక్క చల్లన. పట్టుకోకుండా మంచం మీద కూర్చోలేకపోతున్నాను. ఇవన్నీ నాకు తెలుసు. చెప్పలేదు. ఎందుకంటే అవి చెబితే పిచ్చి మాటల్లా ఉంటాయనిపించింది. డాక్టరు దగ్గర మర్యాదగా, అందరూ చెప్పే మాటే చెప్పాలి అనుకున్నాను. మిరపకాయల మధ్య పనిచేసేవాడు ముఖం మండుతోందని డాక్టరుకి ఏం చెబుతాడు?

మధ్యాహ్నం నర్సమ్మ మాత్ర ఇచ్చింది. గుక్కెడు నీళ్ళతో మింగబోయాను. నీళ్ళు గొంతులో దిగలేదు. సగం ముక్కులోంచి బయటికి వచ్చాయి, సగం ఊపిరితిత్తుల్లోకి పోయినట్టు ఊపిరాడక దగ్గాను. మాత్ర గొంతులోనే ఎడమ పక్క అంటుకుపోయింది. "వాంతులయ్యాయి కదా, గొంతు రాచుకుపోయి ఉంటుంది" అన్నారు. అదే సమయంలో హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి వీడియో కాల్ చేశాడు. "నాన్నా, నీ ఎడమ కన్ను చిన్నదైపోయిందేంటి? రెప్ప సగం దిగింది" అన్నాడు. మా ఆవిడ దగ్గరికొచ్చి చూసింది. ఎండాకాలం, వార్డులో ఉక్క, నుదుటి మీద కుడి పక్క చెమట కారుతోంది. ఎడమ పక్క పొడిగా ఉంది. ఆమె మా బావమరిదితో, "ఇది చెవి కాదురా. నరాల డాక్టరు ఉన్న చోటికి తీసుకెళ్దాం" అంది. ఆమె పదో తరగతి చదివింది. ఆ రోజు నా ఒంటి మీద ఉన్న గుర్తులన్నీ చదివింది ఆమే.

మూడింటికి రెండో ఆసుపత్రి. అక్కడి న్యూరాలజిస్టు ఒక అమ్మాయి, వయసు ముప్పై రెండో ముప్పై మూడో ఉంటుంది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "మొదటి నుంచి చెప్పండి. ఏం అనిపించిందో అలాగే చెప్పండి, వింతగా ఉన్నా ఫర్వాలేదు" అంది. ఆ చివరి ముక్క అనకపోతే నేను మళ్ళీ కళ్ళు తిరుగుతున్నాయనే చెప్పేవాణ్ణి. యార్డు, మంట, ముక్కు మీద గీత, గోడ నేల కావడం, తువ్వాలు, అన్నీ చెప్పాను. మంట సగం దగ్గర ఆగిందని చెప్పినప్పుడు ఆమె రాయడం ఆపి నా ముఖం వైపు చూసింది.

మెడ నొప్పి ఉందా అని అడిగింది. ఉందన్నాను. "అయితే మీ తల నేను తిప్పను, కళ్ళు మాత్రమే తిప్పండి" అంది. కుడి వైపు చూస్తే కళ్ళు కుడి వైపుకి కొట్టుకుంటున్నాయట, ఎడమ వైపు చూస్తే ఎడమ వైపుకి. చెవి జబ్బులో అయితే ఎటు చూసినా ఒకే వైపు కొట్టుకుంటాయట. తర్వాత ఒక కన్ను మూసి తెరిచి, ఇంకో కన్ను మూసి తెరిచి చూసింది. ఒక కన్ను కొంచెం పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. మంగళవారం అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కింది అందుకేనని అప్పుడు తెలిసింది. చల్లటి ట్యూనింగ్ ఫోర్కు తీసి ముఖం మీద పెట్టింది. కుడి చెంపకి చల్లగా ఉంది, ఎడమ చెంపకి ఏదో ఇనుప ముక్క తగిలినట్టు ఉంది, అంతే. ఒంటికి వచ్చేసరికి తిరగబడింది. ఎడమ చేతికి చల్లన, కుడి చేతికి ఏమీ లేదు. గుండుసూదితో గుచ్చినా అదే తీరు. నోరు తెరిచి ఆ అనమంది. అంగిలి ఒక పక్కే పైకి లేస్తోంది.

"ఇది స్ట్రోక్. మెదడు కాండం కింది భాగంలో" అంది.

మా ఆవిడ, "కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి కదమ్మా, పక్షవాతం ఎలా అవుతుంది?" అని అడిగింది. ఆ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే చోట బొటనవేలంత భాగం ఉంటుంది. స్కూల్లో మజ్జాముఖం అని చదువుకున్నామే, అదే. కాలూ చెయ్యీ కదిపే తీగలు దాని ముందు వైపు నుంచి వెళ్తాయి. నాకు రక్తం అందనిది పక్కన, వెనక వైపు. అక్కడ ఉండేవి వేరు. మింగడం, గొంతు, నిలకడ, ముఖానికి నొప్పీ వేడీ తెలిపే తీగ, ఒంటికి నొప్పీ వేడీ తెలిపే తీగ. ఒంటి నుంచి వచ్చే తీగ వెన్నుపాములోనే అవతలి పక్కకి దాటేసి పైకి వస్తుంది. ముఖం నుంచి వచ్చేది అక్కడికి ఇంకా దాటకుండా వస్తుంది. అందుకని ఎడమ పక్క ఒక్క చోట దెబ్బ తగిలితే ముఖం ఎడమది పోతుంది, ఒళ్ళు కుడిది పోతుంది. తాకిడి తెలిపే తీగ ఇంకో దారిలో వెళ్తుంది కాబట్టి తువ్వాలు తగలడం తెలిసింది, వేడి తెలియలేదు. కాగితం మీద చూస్తే ఎంత సూటిగా ఉందో. తెల్లవారుజామున నా ఒంటి మీద జరుగుతుంటే దెయ్యం పట్టినట్టు ఉంది.

సీటీ నార్మల్ అన్నారు కదా అని మా బావమరిది అడిగాడు. ఆ భాగం చుట్టూ లావుపాటి ఎముకలుంటాయి, సీటీలో అక్కడ సరిగా కనిపించదు, అదీ మొదటి గంటల్లో అసలు కనిపించకపోవచ్చు అంది. ఎమ్మారై కూడా మొదటి ఒకటి రెండు రోజుల్లో ఈ భాగంలో స్ట్రోక్‌ని ఒక్కోసారి పట్టుకోదట. "ఎమ్మారైలో ఏమీ కనిపించకపోయినా నేను మిమ్మల్ని ఇంటికి పంపను, రెండు రోజులాగి మళ్ళీ తీస్తాను" అంది. కనిపించింది. ఎడమ పక్క చింతగింజంత తెల్లటి మచ్చ. మెడ రక్తనాళాల ఫోటోలో వెన్నెముక ఎముకల లోంచి పైకి వెళ్ళే ఎడమ ధమని లోపలి పొర చీలి, దారి సన్నబడి ఉంది.

మెడకి ఏమైనా దెబ్బ తగిలిందా అని అడిగితే నాకు మంగలి షాపు గుర్తొచ్చింది. మార్చి 5, ఆదివారం. క్షవరం అయ్యాక తల మర్దన చేసి, గడ్డం పట్టుకుని మెడ అటూ ఇటూ టక్కున విరవడం. ఏళ్ళ తరబడి చేయించుకుంటున్నాను, హాయిగా ఉంటుందని నేనే అడిగి చేయించుకుంటాను. అదే కారణమని డాక్టరమ్మ తేల్చి చెప్పలేదు. బరువులెత్తినా, గట్టిగా దగ్గినా, ఒక్కోసారి ఏమీ లేకుండా కూడా ఈ చీలిక వస్తుందట. ఆ షాపు అతన్ని నేను ఒక్క మాట అనలేదు. కానీ ఇప్పుడు మా అబ్బాయి క్షవరానికి వెళ్తుంటే "మెడ ముట్టుకోనివ్వకు" అని చెప్పకుండా పంపను. బ్యూటీ పార్లర్లలో తల వెనక్కి వాల్చి కడిగించుకున్న తర్వాత ఇలాంటి స్ట్రోక్ రావడం గురించి అమెరికాలో 1993లోనే రాశారు. మెడలో ఉన్న ఆ రెండు నాళాలు ఎంత సున్నితమైనవో నలభై ఆరేళ్ళు నాకు తెలియదు.

రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. నేను ఆ డాక్టరమ్మ ముందుకి వచ్చేసరికి దాదాపు పది గంటలైంది. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందులు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మొదలుపెట్టారు. మొదటి ఆసుపత్రికి మాత్రం నేను సమయంలోనే వెళ్ళాను. అక్కడ గుర్తుపట్టి ఉంటే ఇంజెక్షన్ ఇచ్చేవారో లేదో, ఇస్తే ఎంత మేలు జరిగేదో ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్న మా ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు. ముఖం, చెయ్యి, మాట, ఈ మూడే చూసే పరీక్షలో నాలాంటివాళ్ళు తప్పిపోతున్నారనే ఇప్పుడు దానికి బ్యాలెన్స్, కళ్ళు అనే రెండు కూడా చేర్చారని డాక్టరమ్మ చెప్పింది. హఠాత్తుగా నిలబడలేకపోవడం, కూర్చోలేకపోవడం, రెండుగా కనిపించడం. ఈ రెండూ నాకు ఉన్నాయి.

ఐదు రోజులు ఐసీయూ. ఊపిరి తీసుకోవడాన్ని నడిపే కేంద్రం కూడా ఆ బొటనవేలంత చోటే ఉంటుంది, నిద్రలో ఊపిరి ఆగే ప్రమాదం ఉందని రాత్రిళ్ళు ప్రత్యేకంగా చూశారు. గుటక పరీక్ష చేసి, చుక్క నీరు కూడా నోట్లో పోయొద్దన్నారు. ముక్కులోంచి పైపు వేశారు. ఎక్కిళ్ళు నాలుగు రోజులు రాత్రీ పగలూ. మందు ఇస్తే గంట ఆగి మళ్ళీ వచ్చేవి. నిద్ర లేక, పొట్ట కండరాలు పుండైపోయి, మూడో రాత్రి నేను ఏడ్చాను. ఎక్కిళ్ళంటే నీళ్ళు తాగితే పోయేవి అనుకునేవాణ్ణి.

మార్చి 22 ఉగాది. అమ్మ స్టీలు డబ్బాలో పచ్చడి తెచ్చింది, వేప్పువ్వు వేసి. తినకూడదు. మా ఆవిడ మూత తీసి ముక్కు దగ్గర పెట్టింది. మామిడికాయ, కొత్త బెల్లం వాసన తెలిసింది. పైపులోంచి నూట యాభై మిల్లీలీటర్ల జావ పోసింది. అదీ నా పండగ భోజనం.

గుటక నేర్పడానికి ఒక థెరపిస్టు వచ్చేవారు. మెడ నొప్పి తగ్గాక, డాక్టరమ్మ సరే అన్నాక, తల మెల్లగా ఎడమకి తిప్పి, గడ్డం కిందికి దించి మింగడం నేర్పారు. నాది ఎడమ గొంతు బలహీనం. తల అటు తిప్పితే ఆ పక్క మూసుకుపోయి, బాగున్న కుడి పక్క నుంచి ముద్ద దిగుతుంది. పల్చటి నీళ్ళ కన్నా చిక్కటి జావ తేలిగ్గా దిగుతుందని అప్పుడే తెలిసింది. ఇరవై మూడో రోజున పైపు తీశారు. మొదట తిన్నది మెత్తగా పిసికిన పెరుగన్నం, ఆరు చెంచాలు, అరగంట పట్టింది.

మా అబ్బాయి ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో చదివి వినిపించేవాడు. ఈ జబ్బుని 1895లో వివరించిన జర్మన్ డాక్టరు అడాల్ఫ్ వాలెన్‌బెర్గ్ పేరుతో పిలుస్తారట. అంతకంటే చాలా ముందే జెనీవాలో గాస్పార్ వ్యూసో అనే డాక్టరు తనకే ఇది వస్తే తన గుర్తులన్నీ తనే చెప్పుకున్నాడట. తల తిరగడం, సగం ముఖం మొద్దుబారడం, అవతలి పక్క ఒంటికి నొప్పీ వేడీ తెలియకపోవడం, బొంగురు గొంతు, ఎక్కిళ్ళు, వాలిన రెప్ప. రెండు వందల ఏళ్ళ క్రితం మనిషి, నా కేసు షీటు చదువుతున్నట్టే ఉంది. ఇంకొకటి చదివినప్పుడు మాత్రం మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. 1983లో అమెరికాలో లూయిస్ కాప్లన్, ఫిలిప్ గోరెలిక్ అనే ఇద్దరు న్యూరాలజిస్టులు మెదడు కాండానికి రక్తం తగ్గినప్పుడు కొందరికి వచ్చే ముఖం మంట గురించి రాశారు. దానికి వాళ్ళు పెట్టిన పేరు "ముఖం మీద ఉప్పూ మిరియాలు". సోమవారం పొద్దున పంపు దగ్గర నేను మనసులో అనుకున్న మాట అది. ఉప్పూకారం. అక్కడెక్కడో ఎవరో రోగి అదే మాట చెప్పుకుని ఉంటాడు, విన్న డాక్టర్లు దాన్ని కొట్టిపారేయకుండా రాసిపెట్టారు.

ఇంటికొచ్చాక అసలు కష్టాలు తెలిశాయి. స్టీలు గ్లాసులో కాఫీ కుడి చేత్తో పట్టుకుంటే వేడి తెలియదు. రెండుసార్లు వేళ్ళు బొబ్బలెక్కాయి. మే నెలలో దాబా మీద ఆరేసిన వడియాలు తీయడానికి చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేశాను. ఎడమ కాలు కాలి గబగబా ఎత్తాను, కుడి కాలు ఆనించే ఉంచాను. అరికాలు తోలు లేచి నెల రోజులు కట్టు కట్టారు. అప్పటి నుంచి స్నానం బకెట్లో ముందు మా ఆవిడ చెయ్యి పెడుతుంది, ఆమె ఇంట్లో లేకపోతే నేను ఎడమ చెయ్యి పెడతాను. స్టీలు గ్లాసు మానేసి పిడి ఉన్న కప్పు వాడుతున్నాను. నడకలో ఎడమకి ఒరగడం ఆరు నెలలకి దాదాపు పోయింది, చీకట్లో మాత్రం ఇప్పటికీ గోడ పట్టుకుంటాను. ఆరు నెలలకి తీసిన స్కానులో ధమని చీలిక మానిందని చెప్పారు. బీపీ మాత్ర ఒక్క రోజు తప్పలేదు.

ఆగస్టులో మళ్ళీ యార్డుకి వెళ్ళాను. కోల్డ్ స్టోరేజీ సరుకు వస్తోంది. మొదటి వారంలోనే కాటా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకడు "బాబాయ్, పొద్దుటి నుంచి మూతి ఒక పక్క తిమ్మిరిగా ఉంది, మనుషులు రెండుగా కనిపిస్తున్నారు" అన్నాడు, ఎవరికో చెప్పినట్టు. పక్కవాళ్ళు రాత్రి మందు ఎక్కువైందని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎప్పుడు మొదలైందో గడియారం చూసి కాగితం మీద రాసి, తాగడానికి ఏమీ ఇవ్వనీయకుండా, 108కి ఫోన్ చేసి పంపాను. "కళ్ళు తిరుగుతున్నాయని చెప్పకు. మూతి సగం తిమ్మిరి, రెండుగా కనిపించడం, ఈ రెండూ ఇలాగే చెప్పు" అని రెండుసార్లు చెప్పించుకున్నాను. వాడికి వచ్చింది స్ట్రోక్ కాదు, వేరే నరం సమస్య, మందులతో తగ్గింది. అయినా అదే రోజు సాయంత్రానికి తేల్చారు.

నా ఎడమ చెంపకి ఇప్పుడు కారం తగిలినా మంట తెలియదు. కన్ను కూడా అంతే. దుమ్ము పడినా, కారం పడినా నీళ్ళు కారతాయేమో గానీ నొప్పి రాదు, అలా వదిలేస్తే కనుగుడ్డు మీద పుండు పడుతుందని కంటి డాక్టరు హెచ్చరించారు. అందుకని యార్డులో పక్కలు మూసిన కళ్ళజోడు పెట్టుకుంటున్నాను. సాయంత్రం ఇంటికి రాగానే మా ఆవిడ లైటు కింద కూర్చోబెట్టి, రెప్ప పైకెత్తి చూస్తుంది. "ఎర్రగా ఉందండీ, మంటగా లేదా?" అంటుంది. లేదంటాను. చల్లటి నీళ్ళతో కడుగుతుంది.

రాత్రి పడుకున్నాక మాత్రం అదే చెంప, ఏ కారమూ లేకుండా, మండుతుంది. తెగిన తీగ చేసే పని అది అని డాక్టరమ్మ చెప్పింది. తొమ్మిదిన్నరకి దానికోసం మాత్ర వేసుకుంటాను. ఫ్యాన్ గాలి ఎడమ పక్క తగలకుండా మంచం తిప్పి వేసుకున్నాం.